బోళ్ల లారీలో ఇల్లు పెట్టినప్పుడు

పోయిన వారం కామారెడ్డిలో మా మేనకోడలు శ్రావణి ఇంటికి వెళ్తే, గేటు లోపల ఒక పాత చిన్న ట్రక్కు నిలబడి ఉంది. దాని పక్కన సిమెంటు నేల మీద సుద్దముక్కతో గీసిన గీతలు. శ్రావణి మా చిన్నాయన మనవరాలు, బ్యాంకులో పనిచేస్తుంది. సెలవు దొరికినప్పుడల్లా మొగుడూ పెళ్ళాలిద్దరూ ఊళ్లు తిరగడానికి ఆ ట్రక్కు వెనక భాగాన్ని ఇల్లులాగా చేసుకుంటున్నారట. పడక ఇక్కడ, పొయ్యి అక్కడ, నీళ్ల డబ్బా మూలకు అని గీతల లోపల రాసి పెట్టుకుంది. "పద్మత్తా, నువ్వు చిన్నప్పుడు లారీలనే ఉన్నవంట కద! జర గీడ పండుకోని చూడు, కాళ్లు సరిపోతయా?" అంది. ఈ వయసులో నేల మీద పడుకోవడం సులువే, లేవడమే కష్టం. అయినా చీర సర్దుకుని ఆ గీతల మధ్య వెల్లకిలా పడుకున్నాను. పడుకోగానే నవ్వొచ్చింది. "ఏందత్తా నవ్వుతున్నవ్?" అంటే, "నా తల ఏ దిక్కుకున్నదో చూసుకుంటున్న బిడ్డా" అన్నాను. "ఎటుంటే ఏంది, బండి తిరుగుతది కద!" అంది శ్రావణి, చేతికంటిన సుద్ద దులుపుకుంటూ. ఈ ఒక్క మాట ఆ రోజుల్లో మా ఇంట్లో ఎవ్వరికీ తట్టలేదు.

మాది ఎల్లారెడ్డి. మా బాపు నర్సయ్య అంగళ్లు తిరిగి బోళ్లు అమ్మేవాడు. గాంధారి, పిట్లం, ఇంకా చుట్టుపక్కల ఏ ఊళ్లో ఏ రోజు అంగడి ఉంటే ఆ రోజు అక్కడ. గంజులు, సర్వలు, బిందెలు, గంటెలు, పెండ్లి వంటలకు పనికొచ్చే గుండిగలు. మా ఇంటి ముందు గది ఎప్పుడూ వరిగడ్డి వాసన వేసేది. బోళ్లు ఒకదానికొకటి తగిలి సొట్టలు పడకుండా మధ్యలో గడ్డి కూరేవాళ్ళం కదా, ఆ గడ్డి పోచలు మా అన్నంలోకి కూడా వచ్చేవి. పొద్దున్నే బాపు తల్లి, మా బాపమ్మ, చింతపండు, బూడిద కలిపి, అమ్మడానికి కాదు, ఇంట్లో వాడే పాత ఇత్తడి చెంబును మాత్రం తోముకునేది. ఇంటి నిండా కొత్త బోళ్లుండగా ఆ ఒక్క పాత చెంబుతోనే నీళ్లు తాగేది. కొత్తవి అమ్ముడుపోయే సరుకు, వాటికి నోరు తగిలించొద్దని ఆమె పట్టింపు. బాపు అంగడికి పోయేటప్పుడు సరుకు ఎడ్ల బండి మీదనో, దారిన పోయే లారీ మీదనో వేసుకుని పోయేవాడు. ఒక్కోసారి వారంలో సగం రోజులు ఇంటి మొహం చూసేవాడు కాదు.

మా తమ్ముడు జ్వరంతో పోయిన తర్వాత మా అవ్వకు, నన్ను కన్నతల్లికి, నిద్ర కరువైంది. వాడు నడక నేర్చి, ఇంకా పరుగు రాని వయసువాడు. అవ్వ పెద్దగా ఏడవలేదు. పనులన్నీ చేసేది, అన్నం వండేది, నా తల దువ్వేది. కానీ కన్ను మూత పడేది కాదు. చాప మీద పడుకుని పైకప్పు కేసి చూస్తూ ఉండేది. కామారెడ్డి డాక్టరు ఇచ్చిన గోలీలు వేసుకుంటే పడుకునేది కానీ, మరునాడు మత్తు వదిలేది కాదు. పొయ్యి మీద పాలు పొంగి పొయ్యి ఆరిపోతున్నా చూస్తూ నిలబడేది. మనిషి కట్టెపుల్లలాగా అయింది. ఒకరోజు బాపు అంగడి నుంచి వచ్చి, కాళ్లు కడుక్కోకుండానే అరుగు మీద కూర్చుని, "లచ్చవ్వను నాతోని తీస్కపోత. గీ ఇంట్ల ఉంటే ఇది బతకది" అన్నాడు. బాపమ్మ గడప మీద నుంచి, "ఆడిమనిషిని అంగళ్ల పొంటి తిప్పుతవారా? ఏడ పంటది, ఏడ తింటది?" అంది. దానికి బాపు కామారెడ్డిలో ఒక పాత చిన్న లారీ అమ్మకానికి ఉందనీ, దాంట్లోనే సరుకూ, దాంట్లోనే ఇల్లూ పెడతాననీ చెప్పాడు.

అట్లా ఆ లారీ మా ఇంటి ముందుకు వచ్చి నిలబడింది. లోపల ఏది ఎక్కడ పెట్టాలన్న పని నా మీద పడింది. నేను పదో తరగతితో చదువు ఆపేసి ఇంట్లో ఉన్నాను కానీ, ఎల్లారెడ్డి గ్రంథాలయంలో నేను ముట్టని బీరువా లేదు. ఈ మాట ఇప్పటికీ కొంచెం గర్వంగానే చెప్తాను. మా వాడకట్టులో ఆ గడప తొక్కిన ఆడపిల్లను నేనొక్కదాన్నే. అక్కడి సారు పుస్తకం ఇచ్చేముందు "ఇది నీకెందుకమ్మా?" అని అడిగేవాడు, తర్వాత్తర్వాత అడగడం మానేశాడు. ఓడల మీద బతికే మనుషుల గురించి ఒక పుస్తకం అప్పటికే రెండుసార్లు చదివి ఉన్నాను. ఓడ గదుల్లో అరలకు ముందు వైపు చిన్న అంచు కొడతారట, అలలకు పళ్లాలు జారిపోకుండా. పడక కిందే పెట్టె ఉంటుందట, పడక పలకే దానికి మూత. ఇవన్నీ లారీకి అచ్చంగా సరిపోతాయని నాకు అనిపించింది. ఓడ పుస్తకంతో పాటు ఇల్లు కట్టుకునే పద్ధతుల పుస్తకం కూడా తెచ్చుకున్నాను. దాంట్లో పొయ్యి ఆగ్నేయంలో, దేవుడు ఈశాన్యంలో, తల ఉత్తరానికి పెట్టొద్దు అని బొమ్మలతో సహా ఉంది. ఓడ పుస్తకంలో దిక్కుల మాటే లేదు. పాపం, ఆ దేశాల వాళ్ళకు ఇవి తెలియవు కాబోలు అనుకున్నాను.

వాకిట్లో కల్లాపి చల్లి, లారీ ఎంత పొడవు, ఎంత వెడల్పు ఉందో తాడుతో కొలిచి, అంత మేర ముగ్గుపిండితో గీత గీశాను. దాని లోపల పడక, పొయ్యి, బోళ్ల అరలు, మధ్యలో మనిషి నడిచే సందు. వాడకట్టులోని ఆడవాళ్ళు వచ్చి ఇదేం ముగ్గని చూశారు. బాపమ్మ ఆ ముగ్గులోకి దిగి పడక గీతల మధ్య పడుకుని, కాళ్లు చాచి, "గీడ జర పెంచు పిల్లా, మీ అవ్వ నాకంటె పొడుగు" అంది. లారీ మూతి తూర్పుకు ఉంది కాబట్టి తూర్పు తల, పడమర కాళ్లు. మూతి వైపు కుడి మూల ఆగ్నేయం, అక్కడ కిరోసిన్ స్టవ్వు. ఎడమ మూల ఈశాన్యం, అక్కడ దేవుడి అర. దాని కిందనుంచి ఎడమ గోడ వెంట అవ్వా నేనూ పడుకునే పడక. బాపు డ్రైవరు సీటు మీద పడుకుంటాడు. వెనక భాగమంతా బోళ్లు. పెద్ద గుండిగ మాత్రం ఏ అరలోనూ పట్టలేదు. దాన్ని పడక కింది పెట్టెలో పెడదామన్నాను. చెక్కపని చేసే మా వడ్లాయన బ్రహ్మయ్య కూడా దిక్కుల పట్టింపున్న మనిషే. దేవుడి అర జానెడు పక్కకుందని తనే సరిచేశాడు. గోడలకు గోనెపట్టా కొట్టాం, బోళ్ల మధ్య మామూలు కంటే రెట్టింపు గడ్డి కూరాం. చిన్న చప్పుడు కూడా రాకుండా, అవ్వ హాయిగా పడుకోవాలని.

ఈ ఏర్పాట్లన్నీ అవ్వ అరుగు మీద కూర్చుని చూసింది. నీకేం కావాలె అని బ్రహ్మయ్య అడిగితే ఏమీ వద్దంది. మళ్లీ కొంచెంసేపటికి, "పండుకున్న కాడ ఒక కిటికి పెట్టుండ్రి" అంది. గోడ బలం తగ్గుతుందని బ్రహ్మయ్య నసిగాడు. బాపు మాత్రం, "అది నోరు తెర్సి అడిగింది ఒక్కటి. పెట్టు బ్రహ్మన్నా, లారీ ఇరిగితె ఇరగనీ" అన్నాడు. పడక పొడవునా సరిగ్గా మధ్యలో, రెండు ఇనుప కమ్మీల నడుమ, పుస్తకం అంత కిటికీ కోశాడు.

మంచి రోజు చూసి, కొబ్బరికాయ కొట్టి బయల్దేరాం. బాపమ్మకు పక్కింట్లో చిన్నాయన వాళ్ళు ఉన్నారు కాబట్టి వంటకు తోడుగా నేను కూడా ఎక్కాను. లారీ మా సందు దాటి, మూల తిరిగి గాంధారి రోడ్డెక్కింది. అవ్వ పడక మీద కూర్చుని కిటికీలోంచి చూస్తున్నది కాస్తా, లోపలికి తిరిగి దేవుడి అర వైపు, స్టవ్వు వైపు చూసింది. "పద్మా," అంది, "ఆగ్నేయం ఏడికి పోయిందే?" నాకు మొదట అర్థం కాలేదు. అవ్వ చెయ్యి ఎత్తి సూర్యుడు ఎటున్నాడో కిటికీలోంచి చూపించింది. మా దేవుడు వాయవ్యం మూలకు పోయాడు. స్టవ్వు ఇంకెక్కడో ఉంది. నేను రెండు పుస్తకాలు చదివాను, బాపమ్మ ఇన్నేళ్లు బతికింది, బ్రహ్మయ్య ఎన్ని ఇండ్లకు ద్వారబంధాలు ఎత్తాడో. లారీ తిరుగుతుందన్న సంగతి మాలో ఒక్కరికీ తోచలేదు. అవ్వ పెదవి మీద నవ్వులాంటిది కదిలి పోయింది. అది చూసి నేను సిగ్గుపడాలో సంతోషపడాలో తెలియక మూలకు జారిన గంటెలు సర్దుతూ కూర్చున్నాను.

ముందు సీట్లో లారీ నడుపుతూ ఇదంతా విన్న బాపు మొహం గంభీరంగా పెట్టాడు. తల ఉత్తరానికి పెడితే ఏమవుతుందోనన్న భయం ఆయనకు తన కోసం కాదు. ఒక బిడ్డ పోయిన ఇల్లు. ఇంక ఏ చిన్న దోషమూ మిగలొద్దని ఆయన పట్టు. అందుకని గాంధారి అంగట్లో లారీని తెచ్చి, మూతి తూర్పుకు పెట్టి ఆపాడు. అక్కడ జనం నడిచే బాట తూర్పు పక్కన ఉంది. అమ్ముకునే వాళ్ళందరూ అటే తిరిగి ఉన్నారు. మా లారీ వెనక పలక దించితే మాత్రం ఎదురుగా తుమ్మకంప, దాన్ని నములుతున్న మేకలు. పక్కన ఉల్లిగడ్డలు అమ్మే సాయిలన్న కాసేపు మమ్మల్ని చూసి, "నర్సన్నా, ఆ నల్ల మేక ఏమడుగుతుందే? బిందె గావాల్నంటదా, సర్వ గావాల్నంటదా?" అన్నాడు. బాపు, "నీ ఉల్లిగడ్డలు నువ్వు సూస్కోరా" అన్నాడు. "సూస్కుంటున్న గని, జర బండి తిప్పరాదు?" "తిప్పరాదు." "ఎందుకు?" "మా తల తూర్పుకుండాలె." సాయిలన్న తన ఉల్లిగడ్డల కుప్ప మీద చెయ్యేసి, "నీ తలకాయ సంగతి నాకు ఎప్పటినుంచో తెలుసు" అన్నాడు. ఆ రోజు మా గిరాకీ అంతా దారి తప్పి వచ్చిన వాళ్ళదే.

తలగడ రెండో వైపుకు మారిస్తే సరిపోదా అని ఇది చదివే వాళ్ళు అనుకోవచ్చు. నేనూ అనుకున్నాను. కానీ అప్పుడు కాళ్లు దేవుడి అర వైపుకు వస్తాయి, అది ఇంకా పెద్ద తప్పు. ఆ సాయంత్రం స్టవ్వు దగ్గర కూర్చుని ఆలోచిస్తే, తిరగాల్సింది లారీ కాదు, లోపలి సామాను అని తోచింది. ఎల్లారెడ్డి తిరిగొచ్చాక బ్రహ్మయ్యతో దేవుడి అర ఊడదీయించి, నాలుగు మూలలా నాలుగు కొక్కాలు కొట్టించాను. లారీ ఎటు ఆగినా, ఆ రోజు ఈశాన్యం ఏ మూలకొస్తే ఆ మూల కొక్కానికి పటం తగిలించాలి. దానికి తగ్గట్టు తలగడ అటో ఇటో. అడ్డం ఆగితే అడ్డం పడుకోవడానికి సందు మీద వేసే ఒక పలక. స్టవ్వు కిందికి దించి బయట పెట్టుకుంటే అది ఎప్పుడూ ఆగ్నేయమే. దేవుణ్ణి రోజుకో మూలకు మారుస్తామంటే బాపమ్మ ఏమంటుందోనని భయపడ్డాం. ఆమె నోట్లో ఆకు నమలడం ఆపి, కొంచెం ఆలోచించి, "మీరు తిర్గంగ లేంది ఆయన తిరిగితే ఏమాయె? ఆయనకు మోకాళ్ల నొప్పులా!" అంది. ఇంత బుద్ధిగా అమరిన ఇంటిని నేను మళ్ళీ చూడలేదు. ఓడ పుస్తకం, ఇండ్ల పుస్తకం రెండూ దాంట్లో సర్దుకుని కూర్చున్నాయి.

అన్నీ కుదిరాయి, అవ్వకు నిద్ర మాత్రం కుదరలేదు. అంగడి ముగిసి జనం వెళ్ళిపోయాక మైదానం అంతా సద్దుమణిగేది. మా గోనెపట్టా గోడల లోపల, గడ్డి కూరిన బోళ్ల మధ్య, ఊపిరి తీస్తే వినపడేంత నిశ్శబ్దం. నా పక్కన అవ్వ కళ్ళు తెరుచుకునే ఉండేది. ఇంటి పైకప్పుకు బదులు లారీ పైకప్పు. బాపు పొద్దున లేచి నన్ను కళ్ళతోనే అడిగేవాడు, నేను తల అడ్డంగా ఊపేదాన్ని. ఒకసారి టీ తాగుతూ, "ఈడ గూడ గాకపోతె ఇగ నాకు ఏం దోస్తలేదు బిడ్డా" అన్నాడు. అంత పెద్ద మనిషి నాతో అట్లా మాట్లాడటం అదే మొదలు.

శ్రావణి తన ట్రక్కు గోడలకు మెత్తటి పొర ఒకటి వేయిస్తుందట. అది వేస్తే రోడ్డు పక్కన ఆపి పడుకున్నా బయటి చప్పుడు లోపలికి రాదట. ఫోనులో చూపించింది కూడా. మా కాలంలో ఇల్లు వదిలి లారీలో ఉన్నామంటే జనం జాలిపడేవాళ్ళు, ఇప్పుడు ఇల్లు ఉన్నవాళ్ళు ముచ్చటపడి లారీలో ఉంటున్నారు. మాకు కొలతలకు తాడూ ముగ్గుపిండీ ఉండేవి, వీళ్ళకు నానా రకాల పరికరాలున్నాయి. పడక కింద పెట్టె మాత్రం ఈమె కూడా పెట్టింది. మనిషికి నిద్ర రావాలంటే చప్పుడు ఉండొద్దని మేమూ అనుకున్నాం కదా. అది అట్లా కాదని మాకు తెలిసింది పిట్లం అంగట్లో.

ఎండ బాగా ఎక్కిన వేళ. చుట్టూ జనం, మిరపకాయల ఘాటు, బేరాల అరుపులు. పక్కన ఎవరో మరాఠీలో కొట్లాడుతున్నారు. అవ్వ కిటికీ పక్కన కూర్చుని బయటికి చూస్తూ ఉండింది. ఒక ఆసామి భార్య, బిడ్డ పెండ్లికి గుండిగ కావాలని, ఇద్దరు పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చింది. గట్టి మనిషి, గొంతు ఇంకా గట్టిది. అప్పట్లో మాకు దొరికే పెద్ద గిరాకీ అంటే అదే. బాపు సంబరంగా లోపలికెళ్ళాడు. వెళ్ళినవాడు ఎంతకీ రాలేదు. నేను వెనకాలే పోయి చూస్తే, బాపు సందులో కదలకుండా నిలబడి ఉన్నాడు. పడక మీద అవ్వ ఒక పక్కకు ఒరిగి, నోరు కొంచెం తెరుచుకుని, చిన్నగా గుర్రు పెడుతూ నిద్రపోతున్నది. తలగడ కూడా లేదు. తల ఏ దిక్కుకుందో మేమిద్దరం చూడనే లేదు. గుండిగ ఆమె కిందనే ఉంది. పలక ఎత్తితే తప్ప అది బయటికి రాదు.

బాపు మెల్లగా బయటికొచ్చి, "అమ్మా, ఇయ్యాల గుండిగ తియ్యరాదు. వేరే దుకాణంల చూసుకోండ్రి" అన్నాడు. ఆమె ఊరుకోలేదు. "ఉన్నదంటివి, తెస్తనంటివి, గిప్పుడు తియ్యరాదంటవేంది?" బాపు గొంతు తగ్గించి, ఉన్న సంగతి చెప్పాడు. బిడ్డ పోయిన సంగతి, నిద్ర లేని సంగతి. ఆమె ఎక్కి లోపలికి తొంగి చూసింది. దిగేటప్పటికి ఆ మొహం మారిపోయింది. పిల్లల నోళ్ళు మూసింది. పక్కన మిరపకాయలు అమ్ముతున్నామెను "సప్పుడు జెయ్యకు అక్కా, పాపం తల్లి పండుకున్నది" అని బతిమాలింది. ఆ మాట పక్కకూ, ఆ పక్కకూ పాకింది. మరాఠీ కొట్లాట కూడా ఆగిపోయింది. ఎండలో మా లారీ చుట్టూ ఉన్నంత మేర అంగడి ఊపిరి బిగబట్టినట్టయింది. అంత దయ నేను ఆ తర్వాత చాలా తక్కువసార్లు చూశాను. అప్పుడే లోపల అవ్వ గుర్రు ఆగిపోయింది. ఆమె చెయ్యి పలక మీద తడుముకుంటున్నది. కనురెప్పలు కదులుతున్నాయి.

నాకంటే ముందు బాపుకు అర్థమైంది. ఆయన ఒక పెద్ద మూత అందుకుని దాని మీద గంటెతో ఒక్కటి వాయించాడు. "రండ్రి, రండ్రి! గట్టి బోళ్లు, ఇస్తరాకు లెక్క పల్చటియి గావు!" అని గొంతెత్తాడు. పెండ్లి వాళ్ళామె బిత్తరపోయి, "నీకు పిచ్చి లేసిందా, లేస్తది గద!" అంది. బాపు ఆమె దగ్గరికి వంగి, "లెవ్వది తల్లీ. సప్పుడు ఆగితెనే లేస్తది. నీకు పున్నెముంటది, బేరం జెయ్యి. గట్టిగ జెయ్యి" అన్నాడు. ఆమె ఒక్క క్షణం బాపును చూసింది, కిటికీ వైపు చూసింది. కొంగు నడుముకు దోపి, చేతికందిన సర్వ పైకెత్తి, "గిదేం సర్వ! గిదేం మందం! గాలొస్తె ఎగిరిపోతది!" అని అరిచింది. మిరపకాయలామె వెంటనే తన కేక అందుకుంది. నేను గంజుల మధ్య గడ్డి లాగి పారేసి, వాటిని కావాలని ఒకదానికొకటి తగిలించాను. లోపల అవ్వ చెయ్యి నెమ్మదించింది. గుర్రు మళ్ళీ మొదలైంది.

ఆమె గుండిగ కోసం పొద్దు వాలేదాకా మా దగ్గరే కూర్చుంది. కూర్చున్నంతసేపూ మా బోళ్లన్నిటినీ ఒకదాని తర్వాత ఒకటి తీసి, గొంతు బొంగురు పోయేదాకా తిడుతూనే ఉంది.